ఒకే బ్యాటరీ ఉన్న వ్యాన్‌కు 100 వాట్ల సోలార్ కిట్: ప్యానెల్ నమ్మదగినదే, కంట్రోలర్‌ను మాత్రం సరిచేసుకోవాలి

ఇంజన్‌కు సెల్ఫ్ కొట్టేదీ, రాత్రిపూట లైట్లను, ఫ్యాన్‌ను, చిన్న ఫ్రిజ్‌ను నడిపేదీ ఒకే బ్యాటరీ అయిన వ్యాన్లను ఉద్దేశించి, 100 వాట్ల ప్యానెల్, ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే చార్జిని అదుపు చేసే 10 ఆంపియర్ల పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్, వైర్లు, పైకప్పుకు అతికించే ప్లాస్టిక్ బ్రాకెట్లు కలిపి అమ్మే కిట్ ఇది. నిలిపి ఉంచిన బండి బ్యాటరీ దిగిపోకుండా కాపాడటానికి ఇది నిక్షేపంగా సరిపోతుంది. అయితే కంట్రోలర్‌ను పెట్టెలోంచి తీసినది తీసినట్టే బిగించి, రాత్రంతా ఫ్రిజ్ నడిపితే తెల్లవారి సెల్ఫ్ తిరుగుతుందన్న భరోసా లేదు.

ప్యానెల్ వెనుక లేబుల్ మీద 18 వోల్టులు, 5.5 ఆంపియర్లు అని ఉంది. పీడబ్ల్యూఎం కంట్రోలర్ ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజికి దించేస్తుంది కాబట్టి, 13 వోల్టుల దగ్గర మనకు దక్కేది 70 వాట్లకు కాస్త పైన మాత్రమే. ప్యానెల్ అదనపు వోల్టేజిని కూడా కరెంటుగా మార్చి వాడుకునే ఎంపీపీటీ రకం కంట్రోలర్ కొనాల్సిందని ఇక్కడ చాలామంది అంటారు. కానీ ఎండలో పైకప్పు మీది ప్యానెల్ 60 డిగ్రీలు దాటడం మామూలే. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం చొప్పున సామర్థ్యం తగ్గుతుంది. ఆ తగ్గుదల ప్రధానంగా వోల్టేజిలోనే ఉంటుంది, ఆంపియర్లు దాదాపు అలాగే ఉంటాయి. అంటే పీడబ్ల్యూఎం ఎలాగూ వాడుకోని భాగాన్నే వేడి తినేస్తుంది. అందువల్ల ఒక్క ప్యానెల్ వరకు, అందులోనూ ఎండలు మండే చోట, ఎంపీపీటీకి అదనంగా ఖర్చు చేయడం నా దృష్టిలో అవసరం లేదు. ప్యానెల్ కింద గాలి ఆడేందుకు బ్రాకెట్లు వేలెడు ఖాళీ వదలడం బాగుంది. క్యారియర్ కడ్డీ నీడ ప్యానెల్ మీద పడకుండా మాత్రం చూసుకోవాలి, ఎందుకంటే కొన్ని సెల్స్ మీద నీడ పడినా ఉత్పత్తి సగానికి పడిపోవచ్చు.

అసలు చిక్కు కంట్రోలర్‌లో ఉంది. లోడ్‌ను, అంటే కంట్రోలర్ నుంచి కరెంటు తీసుకునే పరికరాలను, ఆపేసే వోల్టేజి ఫ్యాక్టరీ నుంచి 10.7గా పెట్టి వస్తోంది. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ, లోడ్ లేనప్పుడు, దాదాపు 12.7 వోల్టులు చూపుతుంది, 12.2 దగ్గరికి వచ్చేసరికి సుమారు సగం ఖాళీ అయినట్టు. 10.7 దాకా ఆగితే అందులో దాదాపు ఏమీ మిగలదు, సెల్ఫ్ మోటార్‌కేమో ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు కావాలి. పైగా ఇంజన్ బ్యాటరీల ప్లేట్లు పలుచగా ఉంటాయి కాబట్టి, పదేపదే అంత లోతుకు దించితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. మెనూలో ఈ అంకెను 12.2కి మార్చుకునే వీలుంది, మాన్యువల్‌లో ఆ మాట ఒక మూలన తప్ప ఎక్కడా కనిపించదు.

అంకె మార్చినంత మాత్రాన పని అయిపోదు. ఏ వైరూ కలపకముందే మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (రెండు చోట్లు లోపల కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి చూస్తే, ప్యానెల్, బ్యాటరీ, లోడ్ ప్లస్ టెర్మినళ్లు మూడింటి మధ్యా బీప్ వినిపించింది; మైనస్‌ల మధ్య వినిపించలేదు. అంటే ఈ కంట్రోలర్ లోడ్‌ను మైనస్ వైపు తెంచుతుంది. బండి బాడీ మొత్తం బ్యాటరీ మైనస్సే కనుక, ఏదైనా పరికరం మైనస్ బాడీకి తగిలితే కరెంటు కంట్రోలర్‌ను తప్పించుకుని నేరుగా వెళ్లిపోతుంది, కటాఫ్ పడినా ఆ పరికరం ఆగదు. కాబట్టి ప్రతి పరికరానికీ రెండు వైర్లూ విడిగా లాగాలి, లేదా ప్లస్ వైపు తెంచే వేరే లో-వోల్టేజి కటాఫ్ పెట్టుకోవాలి. ఫ్రిజ్ విషయంలో రెండోదే మేలు. ఇక సెల్ఫ్ మోటార్ వైరు ఎప్పటిలాగే నేరుగా బ్యాటరీకే ఉండాలి, దాన్ని కంట్రోలర్ లోడ్ టెర్మినళ్ల జోలికి తీసుకురాకూడదు.

రోజుకు నాలుగైదు గంటల మంచి ఎండ ఉంటే 20 నుంచి 25 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్ గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్) వస్తాయి. అలారం, గడియారం లాంటివి రోజంతా తాగేది సాధారణంగా ఒకటి రెండు ఆంపియర్ అవర్లే కాబట్టి, వారాల తరబడి నిలిపిన బండికి ఇది అవసరానికి మించినదే. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ మాత్రం రోజుకు 30 పైనే లాగగలదు, దానికి మంచి ఎండలోనూ చాలకపోవచ్చు, మబ్బు పట్టిన రోజుల్లో అసలే చాలదు.

బిగించేటప్పుడు ముందు బ్యాటరీని, తర్వాత ప్యానెల్‌ను కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్‌ను తీయాలి. బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చార్జిని లెక్కించే సెన్సర్ ఉన్న కొత్త బండ్లలో కంట్రోలర్ మైనస్‌ను టెర్మినల్‌కు కాక బాడీ ఎర్త్ పాయింట్‌కు ఇస్తేనే, సోలార్ నుంచి వచ్చే చార్జి ఆ సెన్సర్ లెక్కలోకి వస్తుంది. బ్యాటరీ ప్లస్‌కు దగ్గరగా పెట్టాల్సిన 15 ఆంపియర్ల ఫ్యూజు, దాని హోల్డరు కిట్‌లో లేవు. వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగిలితే మంటలు రాకుండా ఆపేది ఆ ఒక్క ఫ్యూజే అయినప్పుడు, రెండు వరుసల స్టిక్కర్లు ఇచ్చి దాన్ని ఇవ్వకపోవడం తయారీదారు చేసిన అతి పెద్ద లోపం.