దుప్పుల కోసం కాపు: పొద్దున మేలా, సాయంత్రమా?

రాపూరు వైపు మా మామ నిమ్మతోట దగ్గర తీసిన దుప్పుల ఫొటోలు చూసినవాళ్లంతా అడిగేది ఒకటే: పొద్దున పోవాలా, సాయంత్రం పోవాలా? వాళ్లు అడిగేది వెలుగు గురించి. నేను చెప్పేది గాలి గురించి. దుప్పి మన చొక్కా రంగు చూసేలోపే మన చెమట వాసన దానికి చేరిపోతుంది. (వేట ఊసెత్తకండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. ఇది కెమెరాతో కాపు కాసేవాళ్లకి.)

రాత్రి చల్లబడిన గాలి వంకల వెంట కిందికి జారుతుందనీ, ఎండ తగిలిన వాలు మీది గాలి పైకి లేస్తుందనీ అందరికీ తెలుసు. ఇక్కడి వెలిగొండ కొండల వరుస ఉత్తర దక్షిణాలుగా సాగిందనీ, నెల్లూరు వైపు వాలుది తూర్పు ముఖమనీ మాత్రం కాపు కాసేటప్పుడు గుర్తురాదు. నా లెక్కంతా దాని మీదే.

పొద్దున సంగతి చూడండి. రాత్రంతా పెసరచేలో మేసిన దుప్పులు కొండెక్కే వేళ అది. చీకటి ఉన్నంతసేపు గాలి కిందికే వస్తుంది, కొండ కింద కూర్చున్న మనకి అనుకూలమే. కానీ తూర్పు వాలు కదా, సూర్యుడు పొడవగానే నేరుగా ఎండ పడుతుంది. ఫొటోకి చాలినంత వెలుగు వచ్చేసరికి గాలి మళ్లి, మన వాసనని వాటి వెనకాలే కొండ మీదికి మోసుకుపోతుంది.

సాయంత్రం ఇదంతా తిరగబడుతుంది. పొద్దు కొండ చాటుకి పోగానే వాలుకి నీడ వస్తుంది, మైదానంలో ఇంకా వెలుగుంటుంది. చల్లగాలి కిందికి జారడం మొదలవుతుంది, దుప్పులూ దిగుతాయి. మన వాసన వెనక రోడ్డు వైపు పోతుంది. వెలుగూ గాలీ రెండూ కలిసొచ్చే వేళ ఇదొక్కటే. అందుకే నా ఓటు సాయంత్రానికే.

అయితే ఏ నెలైనా సరే అనుకోవద్దు. ఒక మే నెలలో మంచె మీద కూర్చుని మోసపోయాను. సముద్రపు గాలి అంతదూరం వచ్చి మా వాసనని కొండ మీదికి తోసింది. వాలు మీద ఒక దుప్పి కాలితో నేలని తన్ని, కూత పెట్టి, మందనంతా తీసుకుని పోయింది. మామ జిల్లేడు కాయ చీల్చి దూది వదిలాడు. అది తిన్నగా కొండ వైపే ఎగిరింది. "ముందు ఇది చూసుకోవాల్సింది అబ్బయా," అన్నాడు. అప్పట్నుంచి దూది వదలకుండా మంచె ఎక్కను. జూన్, జులైలో పడమటి గాలి కొండ దాటొచ్చి సుడి తిరుగుతుంది, దాన్ని నమ్మలేం. నవంబర్, డిసెంబర్‌లో ఈశాన్యపు గాలి కొండ మీదికే తోస్తుంది. గాలి సద్దుమణిగే జనవరి, ఫిబ్రవరి నాకిష్టం.

కంభం, గిద్దలూరు వాళ్లు నా మాట గుడ్డిగా పాటించొద్దు. మీకు వెలిగొండ తూర్పున ఉంది, మీ వైపు వాలుది పడమటి ముఖం. ఎండ ఆలస్యంగా తగులుతుంది కాబట్టి పొద్దున చల్లగాలి ఎక్కువసేపు కిందికి జారుతుంది. ఆ వాలు కింద కూర్చుంటే పొద్దునే మేలు. అదే మీకు పడమటనున్న నల్లమల వైపు కూర్చుంటే, ఆ వాలుది తూర్పు ముఖం కాబట్టి మళ్లీ మా లెక్కే.

మధ్యాహ్నం దండగ. రాత్రి లైటు వేసి వెతకడమంటారా, ఫారెస్టు వాళ్లు వేటగాళ్లనుకుంటారు, ఆ టెన్షన్ ఎందుకు? వాసన రాకుండా ఒంటికి పూసుకునేవి నేను వాడలేదు, జిల్లేడు దూదికి ఖర్చు లేదు.