ముసుగు వేసినాక ఎవరు మేలు: బేలా, ప్యాటిన్సనా?

బ్యాట్‌మ్యాన్ మాటొస్తే తిరుపతి కుర్రాళ్ల పంచాయితీ ఆ పాత్ర వేసిన ఇద్దరి పేర్ల దగ్గరే చిక్కుపడుతుంది. ఒకటి క్రిస్టియన్ బేల్, రెండోది రాబర్ట్ ప్యాటిన్సన్. మధ్యలో ఒకరు పాత మైకేల్ కీటన్‌ని లాక్కొస్తారు, బెన్ ఆఫ్లెక్ మనుషులు అలుగుతారు. అది తెగకపోవడానికి కారణముంది. ఒకరు సినిమా గురించి మాట్లాడుతుంటారు, ఇంకొకరు విలన్ గురించి (జోకర్ అదరగొట్టాడు కాబట్టి బేల్ కూడా అదరగొట్టినట్టే!), మూడోవాళ్లు ముసుగు తీసి కోటూ సూటూలో తిరిగే బ్రూస్ వేన్ గురించి (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు అదే). ముసుగు తగిలించుకున్నాక నటుడు ఏం చేశాడో చూసేవాళ్లు తక్కువ.

గంగమ్మ జాతర జరిగే ఊళ్లో ఈ లెక్క తెలియకపోవడమే వింత. ఆ జాతరలో భక్తులు రోజుకో వేషం కడతారు: బైరాగి వేషానికి ఒంటికి తెల్లటి నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. పూత పడ్డాక ఆ మొహం ఎవరిదని ఎవరడుగుతారు? చూసేది నడక, నిలబడే తీరు, చూపు. దాక్కున్న దుర్మార్గుడైన పాలెగాణ్ణి బయటికి రప్పించడానికే గంగమ్మ వేషాలు మార్చిందని కథ. అంటే వేషం వేసేది వేటకు. బ్యాట్‌మ్యాన్ ముసుగునీ ఇదే తూకంలో పెట్టాలి.

ఆ ముసుగు నటుడికి మిగిల్చేది కళ్లు, మూతి, గడ్డం. నుదురు పోతుంది, కనుబొమ్మలు పోతాయి. కోపం, అనుమానం, భయం మనం సగం చదివేది కనుబొమ్మల్లోనే కాబట్టి ఆ పనంతా మెడ మీద, గొంతు మీద పడుతుంది. (స్పైడర్‌మ్యాన్‌ని ఈ పోటీలో కలపొద్దనేది అందుకే. అక్కడ మొహం పూర్తిగా మూసేస్తారు, లోపల ఉన్నది నటుడో, స్టంట్ మనిషో, కంప్యూటర్ బొమ్మో చెప్పలేం.)

ముందు మెడ సంగతి. 1989లో కీటన్‌కి ఇచ్చిన రబ్బరు ముసుగు మెడతో, భుజాలతో అతుక్కుని ఉండేది, తల పక్కకి తిరిగేది కాదు. దాంతో ఎటు చూడాలన్నా నడుము నుంచి మొత్తం ఒళ్లు తిప్పేవాడు. ఆ లోపమే పాత్రకి లక్షణమైంది, విగ్రహం కదిలినట్టుండేది. 2005లో ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’లో బేల్‌కీ అదే తిప్పలు. 2008 నాటి ‘ది డార్క్ నైట్’కి తలభాగాన్ని మెడ నుంచి విడదీసి హెల్మెట్‌లా చేశారు. తల తిప్పుకునే వీలు కావాలని బ్రూస్ స్వయంగా అడిగే మాట కూడా సినిమాలో పెట్టారు. ఫైట్లలో అది బాగా పనికొచ్చింది. కాకపోతే తల చురుగ్గా కదిలేకొద్దీ విగ్రహం పోయి హెల్మెట్ పెట్టుకున్న మనిషి కనిపిస్తాడు.

2022లో ‘ది బ్యాట్‌మ్యాన్’లో ప్యాటిన్సన్ ముసుగు తోలు ముక్కలు కుట్టినట్టుంటుంది, మెడ తిరుగుతుంది, అయినా అతను తిప్పడు. మేయర్ హత్య జరిగిన ఇంట్లోకి వచ్చే సీన్ చూడండి. చుట్టూ పోలీసులు గుర్రుగా చూస్తుంటే గది మధ్యలో నిలబడతాడు, ముందు కళ్లు కదులుతాయి, తల తర్వాత. వెళ్లిపోతూ ఓ పక్క కూర్చున్న మేయర్ కొడుకుని చూస్తాడు. డైలాగు లేదు, కనుబొమ్మలూ లేవు. బ్రూస్‌లాగే తండ్రిని పోగొట్టుకున్న ఇంకో పిల్లాడని ఆ చూపులోనే అర్థమవుతుంది. ఆ ఒక్క షాటుకే చాలామార్కులు వేయొచ్చు. తర్వాత పోలీస్ భవనం మీది నుంచి దూకే ముందు అంచున ఆగి కిందికి చూస్తాడే, అక్కడ ముసుగు లోపలి భయం బయటపడుతుంది. బేల్ ఏ భవనం అంచునా అలా జంకలేదు.

గొంతు దగ్గర బేల్ అభిమానులు కాస్త ఓర్చుకోవాలి. గొంతు గీరి గుర్రుమనే పద్ధతి పొట్టి మాటలకు దివ్యంగా పనిచేస్తుంది. వాక్యం పొడుగైతే చిక్కు: ఊపిరి అయిపోతుంది, హల్లులు నలిగిపోతాయి, ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తు పడదు. పైగా 2008లో దాన్ని సౌండ్ పనిలో ఇంకా మార్చారు. చివర్లో పోలీసు అధికారి గోర్డన్‌తో చెప్పే పెద్ద మాటలు ఒకసారి కళ్లు మూసుకుని వినండి, తేడా తెలిసిపోతుంది. ప్యాటిన్సన్ గొంతు పెంచడు, గుసగుసలాడతాడు. ఎదుటివాడే దగ్గరికొచ్చి వినాలి, భయం అక్కడ మొదలవుతుంది. 2016లో ఆఫ్లెక్‌కి గొంతు మార్చే యంత్రం పెట్టి గొడవ వదిలించుకున్నారు, కానీ దాంతో మాటలో తడి కూడా పోయింది. అన్నట్టు, తెలుగు డబ్బింగులో చూసి గొంతు గురించి కొట్టుకోవడం దండగ సామీ. మీరు పోలుస్తున్నది ఇద్దరు డబ్బింగ్ కళాకారుల్ని.

అలాగని బేల్‌ని తీసిపారేయలేం. జోకర్‌ని ప్రశ్నించే గదిలో లైట్లు ఒక్కసారిగా వెలుగుతాయి, ఏ నీడా లేకుండా తెల్లటి వెలుతుర్లో ముసుగు నిలబడాలి. ఏ సూటుకైనా అది కష్టమైన పరీక్ష, రబ్బరు రబ్బరులా కనిపించేస్తుంది. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి కొట్టడం మొదలుపెట్టాక బేల్ అరుపు అదుపు తప్పుతుంది. అక్కడ మాత్రం ఆ గీర గొంతే సరైనది. ఎంత కొట్టినా ఎదుటివాడు లొంగడంలేదన్న నిస్సహాయత అందులో వినిపిస్తుంది. పైగా బేల్‌ది మూడు వేషాల పని: పార్టీల్లో తిరిగే కోటీశ్వరుడు, ఇంటి పనులు చూసే ఆల్ఫ్రెడ్ ముందు కూర్చునే అలసిన మనిషి, ముసుగు మనిషి. మొదటి రెండింట్లో ప్యాటిన్సన్ దరిదాపులకు రాడు. అతని బ్రూస్ ఎప్పుడూ జ్వరమొచ్చినట్టే ఉంటాడు.

చిన్న వివరం ఇంకొకటి. ముసుగు కన్నాల్లో చర్మం కనపడకుండా కళ్ల చుట్టూ నల్లరంగు పూస్తారు. 1992 సినిమాలో కీటన్ ముసుగు చింపేసరికి ఆ రంగు మాయమైపోతుంది! ప్యాటిన్సన్ ముసుగు తీస్తే చెమటకి కారిన నలుపు చెంపల దాకా ఉంటుంది. వేషం కట్టి ఇంటికొచ్చినవాడి మొహం అలాగే ఉంటుంది మరి.

నా ఓటు ముసుగు మీద ప్యాటిన్సన్‌కి, ముసుగు తీస్తే బేల్‌కి. ఒప్పుకోనివాళ్లు ‘ది డార్క్ నైట్’, ‘ది బ్యాట్‌మ్యాన్’ రెండింట్లోనూ పది నిమిషాలు సౌండ్ ఆపి చూసి రండి, అప్పుడు మాట్లాడదాం. ఆఫ్లెక్ వాళ్లు అలగనక్కర్లేదు. గోడౌన్‌లో ఒక్కడే అంతమందిని చితక్కొట్టే ఫైట్ విషయంలో మీతో ఎవరికీ పేచీ లేదు.