నిజాం కాలపు షికారు ఫొటోలంటూ అమ్ముతున్న కొత్త ప్రింట్లతో జాగ్రత్త

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంనాటి షికారు డేరాలు, ఏనుగుల అంబారీలు, ప్రభువుల వనవిహారాల ఛాయాచిత్రాలతో ఇంటిని అలంకరించుకోవాలని ముచ్చటపడేవారు, డబ్బు చెల్లించే ముందు నాకు జరిగిన మోసాన్ని ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను.

ఆ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలనీ, 1890ల నాటి అసలైన అల్బుమెన్ ప్రింట్లనీ చెప్పి ఒక ఆన్‌లైన్ విక్రేత నాకు మూడు చిత్రాలను 36,000 రూపాయలకు అమ్మాడు. వాటిలో ఒకటి, 1902లో వరంగల్ ప్రాంతపు నెక్కొండ దగ్గర వైస్రాయ్ కర్జన్ దంపతులు వేటాడిన పులితో తీయించుకున్న ప్రసిద్ధ చిత్రం. 1890ల ప్రింటులోకి 1902 నాటి వేట ఎలా వచ్చిందన్న ప్రశ్న నాకు ఆనాడే తట్టి ఉండవలసింది.

వానాకాలంలో ఒక ఫ్రేము లోపల కాగితం ఉబ్బడంతో ఫ్రేము వెనుక మూతగా ఉన్న అట్టను విప్పించాను. అల్బుమెన్ ప్రింటు అంటే గుడ్డు తెల్లసొన పూసిన పలుచని కాగితాన్ని వెండి లవణంతో సిద్ధంచేసి, గాజు నెగటివు కింద ఉంచి ఎండలో ముద్రించినది. ఆ కాగితం చుట్టుకుపోతుంది కనుక సాధారణంగా దళసరి అట్టకు అతికించేవారు. భూతద్దంతో చూస్తే అందులో చుక్కలు కనబడవు, నీడలు మెత్తగా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, తెల్లని భాగాలు కాలక్రమేణా పసుపుబారతాయి. నాకు వచ్చినవి అలా అట్టకు అతికించని మందపాటి కాగితాలు. పదిరెట్ల భూతద్దం కింద రంగురంగుల ఇంకు చుక్కలు స్పష్టంగా కనిపించాయి, నోట్లు పరీక్షించే యూవీ టార్చి వేయగానే కాగితం నీలంగా మెరిసింది. ఆ మెరుపు 1950ల తరువాత కాగితాల్లో వాడుకలోకి వచ్చిన తెల్లదనపు రసాయనాలది. మెరవనంత మాత్రాన పాతదని నమ్మకూడదు కానీ, మెరిస్తే మాత్రం నిజాం కాలంది కాదు.

కొత్త ప్రింట్లపై నాకు చిన్నచూపు లేదు. దీన్‌దయాళ్ గాజు నెగటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో వేల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. అటువంటి చిత్రాల నుంచి శ్రద్ధగా తీసిన ప్రతిని ప్రతి అనే చెప్పి, తగిన ధరకు అమ్మితే సంతోషంగా గోడకు పెట్టుకుంటాను. నిజానికి ఎండ తగిలే హాలుకు ప్రతే మేలు, ఎందుకంటే అసలు అల్బుమెన్ ప్రింటు వెలుతురుకు, తేమకు త్వరగా పాడవుతుంది.

కాబట్టి ఫ్రేములో బిగించక ముందు తీసిన ఫొటోలు, ముఖ్యంగా వెనుక వైపువి, అంచులవి అడగండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రింటు ఏ రకానిదో, ఏ కాలానిదో బిల్లులో రాయించుకోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను గానీ, నా బిల్లులో ఉన్నది ‘ఫొటో ఫ్రేములు – 3’ అన్న మాట ఒక్కటే; విక్రేత ఇప్పుడు దానినే పట్టుకుని డబ్బు తిరిగి ఇవ్వనంటున్నాడు.