రేకుపనివాళ్ళ దీపాల వెంట, నాన్నతో

స్కాట్లాండ్‌లో పాత లైట్‌హౌస్‌లు చూసొచ్చాం. ముందు లాడ్జి సంగతి చెప్పేయాలి, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. ఫ్రేజర్‌బరాలో ఒక్క రాత్రికి 92 పౌండ్లు. ‘సముద్రం కనిపించే గది’ అని రాశారు. కనిపించింది, బాత్రూం కిటికీలోంచి, స్టూలెక్కితే. హీటరు వేడెక్కడం లేదంటే ఇంటావిడ ఇంకో దుప్పటి ఇచ్చి, పొద్దున బిల్లులో దానికి 5 పౌండ్లు కలిపింది. లాడ్జి వెతికింది నేనే కాబట్టి మా ఆవిడ మర్నాటిదాకా నాతో మాట్లాడలేదు.

అబర్డీన్ నుంచి అక్కడికి రైలు లేదు, గంటన్నర బస్సు. తెనాలిలో నలభై ఏళ్ళు డబ్బాలకు మాట్లు వేసిన నాన్న కోసం వెళ్ళాం. ఎడిన్‌బరాలో రేకుపని చేసి, దీపాలు తయారుచేసిన థామస్ స్మిత్ 1787లో ఇక్కడి కినైర్డ్ హెడ్ కోట మీద లైట్‌హౌస్ వెలిగించాడు. పక్కనే మ్యూజియం. మొదట్లో అద్దం ముక్కలు పొదిగిన గిన్నెల ముందు తిమింగలం నూనె దీపాలు పెట్టేవాళ్ళట. తర్వాత రాగి రేకును గిన్నెలా వంచి వెండిపూత పూశారని గైడు చెప్పగానే నాన్న కదల్లేదు. ‘ఒరేయ్, రాగిని అంత నున్నగా తేవాలంటే ఎన్ని వేల దెబ్బలు కొట్టుండాలో!’ అని దారిపొడవునా అదే మాట.

స్మిత్ ఒక వితంతువును పెళ్ళాడాడు. ఆమె కొడుకు రాబర్ట్ స్టీవెన్సన్ ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన మొదటి సంసారపు కూతుర్నే చేసుకున్నాడు. ‘మన మేనరికాలే నయం’ అన్నాడు నాన్న. రాబర్ట్ కొడుకులు ముగ్గురు అలన్, డేవిడ్, థామస్ కూడా లైట్‌హౌస్‌లే కట్టారు. మనవళ్ళూ అదే పని, థామస్ కొడుకు మాత్రం పని వదిలి రచయిత అయ్యాడు.

తర్వాత వెళ్ళిన ఆర్‌బ్రోత్ ఊళ్ళో అంతా సాఫీగా జరిగింది. రాబర్ట్ కట్టించిన బెల్ రాక్ లైట్‌హౌస్ తీరానికి 18 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో ఒక రాయి మీద ఉంది, పోటు వస్తే ఆ రాయి మునిగిపోతుంది. దీపం 1811లో వెలిగింది. మంచు వల్ల మాకేమీ కనబడలేదు. ఒడ్డున ఉన్న సిగ్నల్ టవర్ మ్యూజియంలోకి టికెట్ లేదు. లైట్‌హౌస్ కాపరి ఇంట్లో మగబిడ్డ పుడితే ప్యాంటు, ఆడపిల్లయితే లంగా ఈ టవర్ మీద ఎగరేసేవాళ్ళట, సముద్రంలో ఉన్న అతనికి తెలిసేలా. అది విని మా ఆవిడ పకపకా నవ్వింది, మౌనం ముగిసింది.

తర్వాత స్మోకీ తిన్నాం. హాడక్ చేపలను జతగా తోకలు కట్టి పొగబెడతారు. జత 9 పౌండ్లు. వేడిగానే తినాలి, చల్లారాక తింటే దండగ. నాన్న ఒక్కడే జత లాగించి, జేబులోంచి కారప్పొడి పొట్లం తీశాడు.

ఫ్రేజర్‌బరాకు అబర్డీన్ నుంచి పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి వచ్చేయండి. రాత్రి ఉండకండి.