పాత బంగారు నాణేలకు 10ఎక్స్ లూప్: వాడి చూశాక

పాత బంగారు నాణేలు కొనేవాళ్లకీ, ఇంట్లో ఉన్నవి ఏ స్థితిలో ఉన్నాయో చూసుకోవాలనుకునేవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను. లూప్ అంటే కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం, 10ఎక్స్ అంటే పదింతలు పెద్దగా చూపేది. నేను కొన్నది 10ఎక్స్ ట్రిప్లెట్ లూప్. అద్దం 18 మిల్లీమీటర్లు, స్టీల్ బాడీ, మడిచి జేబులో వేసుకునే రకం. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

ట్రిప్లెట్ అంటే మూడు అద్దాలు కలిపి అతికించినది. ఒంటి అద్దం భూతద్దంలో మధ్య భాగం బాగానే ఉన్నా, అంచులకొచ్చేసరికి బొమ్మ వంగిపోతుంది, గీతల పక్కన రంగు చారలు వస్తాయి. మెరిసే బంగారం మీద అది పెద్ద చిరాకు: ఏది నాణెం మీద గీతో, ఏది అద్దం చేసిన మాయో తేలదు. దీన్ని ఐదో జార్జి రాజు కాలం నాటి సావరిన్ అనే బ్రిటిష్ బంగారు నాణెం మీద పరీక్షించాను. బొరుసు వైపు గుర్రం మీద సెయింట్ జార్జి ఉంటాడు కదా, కింద సంవత్సరానికి కుడివైపు బి.పి. అని రెండు బుల్లి అక్షరాలు ఉంటాయి. ఆ బొమ్మ చెక్కిన పిస్ట్రూచి పొడి అక్షరాలవి. నాణేన్ని అద్దం అంచు దాకా జరిపినా అవి వంగలేదు, రంగు చార రాలేదు. నాకు అంతకన్నా టెస్ట్ అక్కర్లేదు.

40ఎక్స్, 60ఎక్స్ అని లైటుతో సహా అమ్మేవి చూసి టెంప్ట్ అవకండి. అలాంటిది ఒకటి నా దగ్గర ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే బొమ్మ సైజులో చెప్పుకోదగ్గ తేడా లేదు, మసక మాత్రం బోలెడు.

వాడే పద్ధతిలోనే సగం ఉంది. లూప్‌ని కంటికి దగ్గరగా ఆనించి, నాణేన్ని అంచులతో పట్టుకుని అద్దానికి అంగుళం దూరంలోకి తేవాలి. కింద మెత్తటి గుడ్డ పరచండి, జారిందంటే బంగారం ఇట్టే సొట్టపోతుంది. దీపం ఒక్కటే, పక్కనుంచి. ఇప్పుడు నాణేన్ని మెల్లగా వాలుస్తూ తిప్పితే ముద్రించినప్పటి మెరుపు కాంతితో పాటు చుట్టూ తిరుగుతుంది. గుర్రం భుజం, జార్జి హెల్మెట్, రెండో వైపు రాజుగారి చెవి పైన జుట్టు లాంటి ఎత్తు భాగాల దగ్గర ఆ మెరుపు తెగిపోయి, పాలిపోయిన మచ్చలా ఉందంటే అది అరుగుదల. వివరం సరిగ్గా పడకపోయినా మెరుపు తెగకుండా సాగుతోందంటే అచ్చు సరిగ్గా నొక్కలేదన్నమాట, అరుగుదల కాదు. కొనేటప్పుడు ఈ రెంటికీ తేడా తెలియకపోతే మంచి నాణేన్ని వదిలేసుకుంటారు.

మా బావమరిది తన సావరిన్ తెచ్చి, "చూడు బావా, కొత్తదానిలా తళతళలాడుతోంది" అన్నాడు. కంటికి నిజంగానే అలా ఉంది. లూప్‌లో చూస్తే బొమ్మ చుట్టూ ఉండే చదును భాగమంతా ఒకే దిక్కుకి సాగిన సన్నటి గీతలు, ఎవరో పాలిష్ గుడ్డతో రుద్దిన గుర్తులు. అంచు మీద గాడులు ఒకచోట చదునైపోయాయి, ఆ సందులో టంకం ముక్క వేరే రంగులో కనిపించింది. ఎప్పుడో దండకో లాకెట్‌కో అతికించి తర్వాత ఊడదీశారు. బంగారం విలువ ఎక్కడికీ పోదు గానీ సేకరించేవాళ్ల దృష్టిలో అది దెబ్బతిన్న నాణెమే. లూప్ చేతికిచ్చి చూసుకోమన్నాను. చూశాడు, ఏమీ అనలేదు.

అయితే గ్రేడ్ తేల్చడానికి దీన్ని నమ్ముకోవద్దు. నాణేల స్థితిని 1 నుంచి 70 దాకా అంకెల్లో చెప్పే షెల్డన్ స్కేల్ ఉంది కదా, దాంట్లో 62కీ 63కీ తేడా 10ఎక్స్ చెప్పదు. ఇంత పెద్దగా చూస్తే బాగున్న నాణెం కూడా గాయాలమయంగా కనిపిస్తుంది. స్థితిని ముందు ఉత్త కంటితో అంచనా వేసి, అనుమానం ఉన్నచోట 5ఎక్స్‌తో చూడటం మేలు. 10ఎక్స్ అసలు పని మోసం పట్టుకోవడం: పోత పోసిన నకిలీల్లో బుడగల గుంటలు, ఇసుక రేణువుల్లాంటి గరుకు, గీకి సరిచేసిన జాడలు.

అరుదైనదా కాదా అన్నది ఏ అద్దమూ చెప్పదు, కేటలాగ్ చూడాల్సిందే. కానీ కేటలాగ్‌లో ఎక్కడ వెతకాలో ఈ లూపే చూపిస్తుంది. ఐదో జార్జి సావరిన్ మీద సంవత్సరానికి సరిగ్గా పైన, గుర్రం కింద నేలలా ఉండే గీత మీద టంకశాల గుర్తు ఉంటుంది: సిడ్నీకి ఎస్, మెల్‌బోర్న్‌కి ఎమ్, పెర్త్‌కి పి, ఒట్టావాకి సి. ఐ అని ఉంటే బొంబాయి, అది 1918లో మాత్రమే. ఒక్క ఏడాదే ముద్రించారు కాబట్టి మహా అరుదనుకుంటారు, కానీ దాదాపు 13 లక్షలు అచ్చయ్యాయి, ఇప్పటికీ దొరుకుతూనే ఉంటాయి. ఏ గుర్తూ లేకపోతే లండన్‌ది. 1917 లండన్ సావరిన్లు పది లక్షలకు పైగా అచ్చయినా మిగిలినవి చాలా తక్కువ, ఎక్కువ భాగం కరిగించేశారని అంచనా. అదే ఏడాది సిడ్నీ, పెర్త్ నాణేలు మామూలుగా దొరుకుతాయి. కాబట్టి 1917 నాణెం మీద గుర్తు లేదని ఎవరైనా చూపిస్తే నేను మొదట లూప్ పెట్టేది ఆ నేల గీత మీదే. అక్కడ గీత సన్నబడినా, చుట్టూ మెరుపు మారినా, ఉన్న గుర్తుని గీకేశారేమోనని అనుమానించాల్సిందే.

స్టార్ తగ్గించింది మడత స్క్రూకి. కొద్ది వాడకానికే వదులైపోయి, అద్దం దానంతటదే వాలిపోతోంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే సరిపోతోంది గానీ మళ్లీ వదులవుతోంది. లూప్‌తో పాటు 0.01 గ్రాము దాకా చూపే కాటా ఒకటి కొనుక్కోండి. సావరిన్ బరువు 7.98 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు. కాటా దగ్గరే తేడా కొడితే లూప్ తెరిచే పని ఉండదు.