పాత టేకు స్టాండింగ్ డెస్క్ కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్కసారి చదవండి

స్టాండింగ్ డెస్క్ అంటే నిలబడి కూడా పని చేసుకునేలా మోటారుతో ఎత్తు మార్చుకునే బల్ల. కూల్చిన మండువా ఇంటి దూలాలతో చేశామని చెప్పి హైదరాబాదులో మాకు అమ్మిన అలాంటి బల్ల ఎండాకాలం రాగానే నిలువునా చీలింది. మోటారు సగం ఎత్తులో ఆగిపోతోంది. ఆర్డరు మీద చేసిన వస్తువు, వాపసు లేదంటున్నారు. పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు, అందరి దగ్గరా జాగ్రత్త పడాల్సిందే.

అసలు దెబ్బ కొలతలో పడుతుంది. పాత కలపకి ధర ఘనపుటడుగుల లెక్కన కడతారు. 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంగుళన్నర మందం ఉన్న బల్ల పైపలకలో కలప 1.56 ఘనపుటడుగులు. మేకులు దిగిన చోట్లు, పాత బెజ్జాలు, చెద తిన్న భాగాలు కోసెయ్యాలి, ఆపైన చిత్రిక పట్టాలి. అందుకని 2 నుంచి 2.25 దాకా వేస్తే న్యాయమే. మాకు 3.5 వేశారు. దూలాన్ని కొయ్యకముందే కొలిచి మొత్తం మా ఖాతాలో రాశారు, మిగిలిన ముక్కలు మాత్రం వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. కలప, కూలి, ఫ్రేము (పలకను మోసే మోటారు కాళ్ళు), జీఎస్టీ విడివిడిగా రాసిమ్మనండి. కూలి ఎక్కువ అడిగితే బేరమాడకండి, మేకులు ఏరి అతుకులు కలపడం నిజంగా కష్టమైన పని.

ఆ పలక ఒక్కటే 28, 30 కిలోలు తూగుతుంది. ఫ్రేము 70 కిలోలు ఎత్తుతుందంటే అందులో పలక బరువూ కలిసే ఉంటుంది. రెండు మానిటర్లు, సీపీయూ పెట్టి, పైన చేతులు ఆనించామంటే ఒంటి మోటారు మీద భారం ఎక్కువైపోతుంది. రెండు మోటార్లది, 100 కిలోలకు తగ్గనిది అడగండి. ఫ్రేము మోడల్ నంబరు బిల్లులో ఉండాలి, లేకపోతే రేపు వారంటీ అడగడానికి ఆధారం ఉండదు.

చీలడానికి కారణం బిగింపు. టేకైనా సరే వానాకాలానికి, ఎండాకాలానికి మధ్య వెడల్పులో కొన్ని మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. ఇనుప ఫ్రేముకి గుండ్రటి రంధ్రాల్లో స్క్రూలు గట్టిగా బిగించేస్తే కుంచించుకునే దారి లేక పగులుతుంది. పలక వెడల్పు దిశలో కోలగా, పొడుగ్గా ఉన్న రంధ్రాలు వేసి వాషర్లతో బిగించాలి. కింది వైపు ఫొటో తెప్పించుకుని చూడండి. తేమ మీటరు పెట్టి చూపించమనండి, 12 శాతం దాటితే ఆరేదాకా ఆగమనండి.

వైర్లు దూర్చే రంధ్రానికున్న ప్లాస్టిక్ మూత తీసి లోపలి అంచు చూడండి. పొరలు పొరలుగా కనబడితే అది ప్లైవుడ్ మీద అతికించిన పలచటి టేకు పొర. పురుగు రంధ్రాల కింద టాల్కమ్ పౌడరులా మెత్తటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది, ఆ బల్ల తీసుకోవద్దు. పాత తలుపుల చెక్క మీద రంగు మిగిలి ఉంటే అందులో సీసం ఉండొచ్చు. పిల్లలున్న ఇంట్లో దాన్ని గీకించకండి.

అడ్వాన్సు మూడో వంతు మించకుండా చూసుకోండి. డెలివరీ రోజున ప్యాకింగ్ విప్పేటప్పుడు వీడియో తీయండి, బరువు పెట్టి అన్ని ఎత్తుల్లో ఆడించి చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి. అమ్మినవాళ్ళు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లు, వీడియో దగ్గర పెట్టుకుని మాట్లాడండి.