ముక్కు పైకెత్తి నిలబడిన పాత పికప్‌ను చూసి మోసపోకండి

హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు పాత పికప్ కొనడానికి వెళ్లేవారు ఇది చదివి వెళ్లండి. నిన్న సాయంత్రం, నాకు బండి అమ్మిన ఆవరణ ముందు మరో తెల్ల పికప్ కనిపించింది. ముందు భాగం పైకి లేచి ఉంది. కింద ఇనుమంతా నూనెతో నిగనిగలాడుతోంది. ఫిబ్రవరిలో నేను కొన్న రోజు నా బండి కూడా అచ్చం అలాగే ఉంది. అమ్మినవారి పేరు రాయను. చేసిన పని మాత్రం రాస్తాను.

మాది చిన్న క్యాటరింగ్. గుండిగలు, గ్యాస్ పొయ్యిలు మోయడానికి 2013 నాటి పికప్ ఒకటి 2,65,000 రూపాయలకు తీసుకున్నాను. నంబరు ప్లేటు మీద ఇంకా ‘ఏపీ’ అక్షరాలే ఉన్నాయి. నాగోలు మెట్రో కింద నున్నటి రోడ్డు మీద, రేడియో పెట్టి మరీ నడిపించారు. ముందు ఎత్తుగా ఉందేమిటి అని అడిగితే, ‘లోడు వేస్తే సమానమవుతుంది సార్’ అన్నారు. వెనక లోడు వేస్తే కుంగేది వెనక భాగం, దాంతో పోలిస్తే ముందు ఇంకా ఎత్తుగానే కనిపిస్తుంది. ఇంత చిన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు, తల ఊపాను. కొత్త ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా చూపించారు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి అది ఏటా తీసుకోవలసిందే, అది ఉన్నంత మాత్రాన కింద అరిగిన రబ్బరు కొత్తదైపోదు.

మూడో వారం చప్పుడు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ దాటగానే ‘ఠంగ్’. మొదట గుండిగలే అనుకుని మధ్యలో గోనె సంచులు కుక్కాను. ‘ఏమండీ, అది వెనక కాదు, నా కాళ్ల కింద మోగుతోంది’ అంది పక్కన కూర్చున్న మా ఆవిడ. మరుసటి రోజు ఖాళీ బండి నడిపి చూస్తే ఆమె మాటే నిజమైంది.

ఇక్కడ నా తప్పు కూడా ఉంది. ఇంటి దగ్గరి మెకానిక్ బండి కిందికి వంగకుండానే షాక్ అబ్జార్బర్లు పోయాయన్నాడు. మార్పించాను, 5,200 అయింది. చప్పుడు తగ్గలేదు. ఇంకొకతను స్టెబిలైజర్ లింకులన్నాడు, అంటే బండి ఒక పక్కకు ఒరగకుండా రెండు చక్రాల మధ్య ఉండే కడ్డీని చక్రాల వైపు కలిపే చిన్న ముక్కలు. రాణిగంజ్ వెళ్లి 1,800 పెట్టి తెచ్చి ఇచ్చాను. చప్పుడు అలాగే ఉంది. ‘ఏది వదులైందో చేత్తో కదిపి చూపించు’ అని ఇద్దరిలో ఒక్కరినైనా అడగలేదు.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన పానా పట్టుకోలేదు. బ్రేకర్ పక్కన గొంతుకూర్చుని, నన్ను నెమ్మదిగా దాటించమని, ‘చప్పుడు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?’ అని అడిగారు. అన్ని రోజులు వింటూ ఆ తేడా నేను గమనించనే లేదు. చక్రం దిగేటప్పుడే వస్తోంది. పైగా రెండు చక్రాలూ ఒకేసారి దిగినా వస్తోంది. ‘అలాగైతే లింకులు కావు. రెండూ కలిసి లేచి దిగితే స్టెబిలైజర్ కడ్డీ మెలి తిరగదు. ఒక్క చక్రం గుంటలో పడ్డప్పుడే దానికి పని’ అన్నారు. పోయిన 1,800 గుర్తొచ్చింది.

తర్వాత ఛాసిస్ కింద, అంటే బండి ఇనుప చట్రం కింద, జాకీ పెట్టి ఎత్తారు. చక్రం బాగా కిందికి వేలాడాలి. రెండు వేళ్ల మందం మాత్రమే దిగి ఆగిపోయింది. చక్రాన్ని ఛాసిస్‌కు కలుపుతూ పైకీ కిందికీ ఆడే ఇనుప చేయి ఆర్మ్. అది మరీ కిందికి దిగకుండా ఆపే రబ్బరు ముక్క ఎలుక కొరికినట్టు చీలికలైపోయి, ఇనుము ఇనుముకు తగులుతోంది. ఈ బండికి ముందు కమాన్ కట్టలు ఉండవు, టార్షన్ బార్ అనే పొడవాటి ఉక్కు కడ్డీ మెలి తిరిగి బరువు మోస్తుంది. ఏళ్లు గడిచి ముందు భాగం కుంగితే, ఆ కడ్డీ చివరి బోల్టు బిగించి పైకి లేపవచ్చు. అలా చేస్తే ఎత్తు పెరుగుతుంది గానీ కడ్డీకి బలం పెరగదు, చక్రం కిందికి దిగే జాగా మాత్రం పోతుంది. తుప్పు పట్టిన బోల్టు మీద నాలుగైదు మర చుట్లు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. టార్చి వేసి వాటిని చూపించారు. నాకంటే ముందు ఎవరో బిగించిన గుర్తు అది.

నూనె సంగతీ అప్పుడే అర్థమైంది. ఎండిపోయిన ఆర్మ్ బుష్‌లు, అంటే ఆర్మ్ కీలులో ఉండే రబ్బరు తొడుగులు, కిర్రుమనకుండా కింద నూనె కొట్టి పంపారు. అది ఆరేవరకే నిశ్శబ్దం. పైగా మామూలు రబ్బరును నూనె ఉబ్బించి మెత్తబరుస్తుంది.

అసలు భయపడవలసినది ఇంకోటి బయటపడింది. జాకీ ఈసారి కింది ఆర్మ్ కింద పెట్టి, టైరు కింద ఇనుప కడ్డీ దూర్చి ఎత్తితే ‘టిక్’ మంది. ఆర్మ్‌ను చక్రానికి కలిపే గుండ్రటి కీలు, కింది బాల్ జాయింట్‌లో ఆట ఉంది, అంటే అది వదులైంది. ఛాసిస్ కింద జాకీ పెట్టినప్పుడు ఆ జాయింట్ మీద ఒత్తిడి అలాగే ఉంటుంది కాబట్టి అది తెలియలేదు. చక్రం బేరింగేమో అన్నాను. నన్ను బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ కదిపారు. బేరింగ్ అయితే ఆట ఆగిపోవాలి, ఆగలేదు. ఆ జాయింట్ ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది. ఆ బండిలోనే మా పనివాళ్లను వెంటబెట్టుకుని నారపల్లి దాకా పెళ్లి వంటకు వెళ్లొచ్చాను.

బాల్ జాయింట్లు, బుష్‌లు, ఆపుడు రబ్బర్లు, అలైన్‌మెంట్ అన్నీ కలిపి 11,400 అయింది. ఆర్మ్ బోల్టులు ఆయన బండిని నేల మీద నిలబెట్టాకే పూర్తిగా బిగించారు. గాలిలో ఉండగా బిగిస్తే కొత్త బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుందట. మీరు చేయించుకున్నా ఇది దగ్గరుండి చూసుకోండి.

అమ్మిన చోటికి చిరిగిన రబ్బరు పట్టుకుని వెళ్లాను. ‘పాత బండి అన్నాక చప్పుడు ఉండదా సార్’ అని నవ్వి, ‘ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను’ అని నేనే సంతకం పెట్టిన కాగితం చూపించారు.

కొనేముందు రేడియో ఆపించండి. గుంటల రోడ్డు మీదికి తీసుకెళ్లండి. జాకీ తెప్పించి చక్రం ఎంత దిగుతుందో చూడండి, టార్షన్ బార్ బోల్టు మీద టార్చి వేయండి. నిన్న చూసిన ఆ తెల్ల పికప్ అద్దం మీద 2,80,000 అని రాసి ఉంది.